మాట పగ్గం యాంకర్ చేతిలో
(మణుగూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



టీవీల్లో మణుగూరు పేరు వినబడిందంటే బొగ్గో, భారజలమో, కరెంటో అయి ఉంటుంది. ఇక్కడి మనిషి మాట ఆ చర్చల దాకా ఎట్లా పోతుంది, పోయినంక ఏమవుతుంది? ఇవాళ మేము మీ ముందు పెట్టదలచింది ఈ ప్రశ్ననే.

రచ్చబండ దగ్గర ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు. మాటకు వంతులు ఎట్లా వస్తాయో శాక్స్, షెగ్లాఫ్, జెఫర్సన్ అనే అమెరికా పరిశోధకులు 1974లో వివరించారు. స్టూడియోలో ఆ స్వేచ్ఛ లేదు. అడిగేది యాంకర్, చెప్పేది అతిథి. ఎవరు ముందు, ఎంతసేపు, బ్రేక్ ఎప్పుడు అన్నవన్నీ యాంకర్, ఆయన చెవిలో చెప్పే ప్రొడ్యూసర్ చూసుకుంటారు.

మన ప్రాంతం సంగతే తీసుకుందాం. 2014లో పోలవరం పేరిట ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. భద్రాచలం పట్టణం ఇటు మిగిలింది, పక్క ఊళ్లు అటు పోయాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. వరద తగ్గకముందే ఐదు గ్రామాలను తిరిగి ఇవ్వాలన్న వాదన లేచింది.

ఇట్లాంటి విషయం స్టూడియోకు పోతే ఏమవుతుందో చూడండి. "ఐదు ఊళ్లు ఇస్తారా, ఇవ్వరా?" అంటాడు యాంకర్. ఇటు ఒక నాయకుడు, అటు ఒక నాయకుడు. ఇల్లు మునిగిన కోయ తల్లి ఫోన్‌లో దొరుకుతుంది. ఆమెకు కావలసింది ఎత్తు మీద జాగా, పరిహారం, కట్ట. అవి ఆ ప్రశ్నకు జవాబు కావు. "అమ్మా, సూటిగా చెప్పండి" అంటారు. తర్వాత "అంటే మీరు చెప్పేది ప్రభుత్వం విఫలమైందనే కదా" అంటారు. ఆమె ఔనో కాదో అనేలోపు బ్రేక్. తెల్లారి జనం నోట మిగిలేది ఆమె మాట కాదు, యాంకర్ తేల్చిన మాట.

రెండోసారి మాట్లాడేవాడికి ఇంకో బలం ఉంటుంది. బ్రిటన్ రేడియో ఫోన్ చర్చలను పరిశీలించి హచ్‌బీ 1996లో రాసిన పుస్తకంలో ఇది చూపించాడు. ముందు మాట్లాడినవాడు తన అభిప్రాయం బయటపెట్టాలి. తర్వాతివాడు తనది చెప్పకుండానే ఎదుటివాడిది ఎండగట్టవచ్చు. ఫోన్ చేసిన మనిషి ఎప్పుడూ ముందే, యాంకర్ ఎప్పుడూ తర్వాతే.

యాంకరే వద్దని మేము అనడం లేదు. అదుపు లేకపోతే గొంతు పెద్దదున్నోడిదే రాజ్యం. 2021 ఫిబ్రవరిలో ఒక తెలుగు చానల్ ప్రత్యక్ష చర్చలో ఒక వక్త పక్కనున్న నాయకుడిని చెప్పుతో కొట్టాడు. అరిచేవాడిని ఆపి, మాట్లాడనివాడిని పలకరించేవాడే మంచి యాంకర్. అమెరికాలో ఫిల్ డోనహ్యూ 1967లో మొదలుపెట్టిన కార్యక్రమంలో మైకు పట్టుకుని ప్రేక్షకుల మధ్యకే నడిచాడు. జనానికి ప్రశ్నించే అవకాశం దొరికింది. అయినా మైకు పట్టిన చెయ్యి ఆయనదే. అది మరువద్దు.

మరి మనమేం చేయాలి? మనలో ఎవరు చర్చకు పోయినా ప్రశ్నలోనే తప్పుంటే ముందు ఆ మాట చెప్పాలి. "అంటే మీరు చెప్పేది" అనగానే "కాదు, నేను చెప్పింది ఇది" అని ఒక్క వాక్యంలో సరిదిద్దాలి. బ్రేక్ తర్వాత తిరిగి వంతు అడగాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు, పునరావాసానికి ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. కాబట్టి గ్రామసభ తీర్మానం కాగితం చేతిలో పట్టుకుని పోవాలి. ఒంటరి మనిషి మాటను కత్తిరించినంత సులువుగా ఊరంతా సంతకం చేసిన తీర్మానాన్ని కత్తిరించలేరు.

చర్చ చూసేటప్పుడు కూడా ఒక లెక్క పెట్టుకోండి. మునిగిన ఊరి మనిషికి ఎన్ని నిమిషాలు, ఊరు చూడని నాయకుడికి ఎన్ని నిమిషాలు? ఆ లెక్క రాసి చానల్‌కు పంపండి. అడిగేవాళ్లున్నారని తెలిస్తేనే వంతు మన దాకా వస్తుంది.