తాళం వేసేముందు లెక్క సరిచూడాలి

(ఎల్బీ నగర్‌లో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రంగారెడ్డి జిల్లా కోర్టులు ఈ ఎల్బీ నగర్‌లోనే ఉన్నాయి. భూమి తగాదా ఉన్న రైతులు వాయిదాలకు తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకునేది ఇక్కడే. కోర్టు మనల్ని అడిగేది ఒక్కటే: రుజువు ఏది?

ఈ మధ్య బ్లాక్‌చెయిన్ అనే మాట బాగా వినబడుతోంది. రికార్డులు అందులో పెడితే ఎవరూ దిద్దలేరంటున్నారు. అందులో మనకు పనికొచ్చేదెంతో చూద్దాం.

ఫోటో అయినా, కాగితం స్కాన్ అయినా, ప్రతి ఫైలుకూ కంప్యూటర్ ఒక వేలిముద్ర తీయగలదు. దాన్ని హాష్ అంటారు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో అది 64 అక్షరాలు, అంకెల వరుస. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. ఈ వేలిముద్రలను ఒకదానికొకటి గొలుసులా కట్టి, ఒకే పుస్తకం నకళ్లు చాలామంది దగ్గర ఉంచడమే బ్లాక్‌చెయిన్. పట్వారీ దగ్గర ఒక్కటే పుస్తకం ఉంటే రాత్రికి రాత్రి దిద్దొచ్చు. ఊళ్లో ఇరవై ఇళ్లల్లో అదే పుస్తకం ఉంటే దిద్దినవాడు తెల్లారేసరికి దొరికిపోతాడు.

చైనాలోని హాంగ్‌జౌ ఇంటర్నెట్ కోర్టు 2018లో ఇలాంటి సాక్ష్యాన్ని ఒప్పుకుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లోనే భూరికార్డులను బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కించేందుకు స్వీడన్ సంస్థ క్రోమావేతో చేతులు కలిపింది. మన దేశంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. ఆ చట్టంలో బ్లాక్‌చెయిన్ పేరు లేదు గానీ హాష్ ఉంది. ఫోటో, వీడియో వంటి వాటి నకలు కోర్టులో పెట్టాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో హాష్ రాయాలి. ఒక భాగం మీద ఫోన్ గలవారు, రెండో భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. బ్లాక్‌చెయిన్ గట్టి తాళం. లోపల పెట్టింది నిజమో అబద్ధమో తాళానికి తెలియదు. 2020లో ధరణి వచ్చినప్పుడు ఏం జరిగింది? పహాణీలో అనుభవదారు కాలమ్ పోయింది. రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. పేరు తప్పు పడ్డ రైతును సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. 2025లో భూభారతి చట్టం తెచ్చి అప్పీలు దారి మళ్లీ తెరవాల్సి వచ్చింది. సాదాబైనామా మీద కొని ఏళ్ల తరబడి దున్నుకుంటున్న రైతు పేరు రికార్డులో లేకుండానే దానికి తాళం వేస్తే, ఆ అన్యాయమే చెరగకుండా నిలిచిపోతుంది.

అందుకే మన సంఘం మూడు డిమాండ్లు పెట్టాలి. ఒకటి, రికార్డుకు తాళం వేసేముందు గ్రామసభలో చదివి వినిపించాలి. రెండు, ప్రతి మార్పూ ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తర్వు మీద చేశారో రైతు ఉచితంగా చూడగలగాలి. మూడు, తప్పు సరిదిద్దే అధికారి మండలంలోనే ఉండాలి, గడువు కూడా ఉండాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం ఊరికే కూర్చోవద్దు. విత్తనం కొన్నరోజే బిల్లు, సంచి, లాట్ నంబరు ఫోటో తీయండి. మార్కెట్‌లో అమ్మితే తక్‌పట్టీ అడిగి తీసుకోండి, దాన్నీ ఫోటో తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది, హాష్ మారుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫోటో ఫోన్‌లోనే ఉంచండి, దిద్దకండి. ఫోన్ మార్చినా కేసు తేలేదాకా పాతది పారేయకండి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో కంప్యూటర్ కోర్సులు చదివే పిల్లలు మనలో ఎందరికో ఉన్నారు. హాష్ తీయడం వాళ్లకు ఐదు నిమిషాల పని. తీయించి, తేదీ వేసి నోటుబుక్కులో రాయండి, సంఘానికి ఈమెయిల్ చేయించండి.

కంపెనీలకు లాయర్లున్నారు, మనం గెలుస్తామా అని అడిగేవాళ్లకు ఒక మాట. నాసిరకం విత్తనంతో నష్టపోయిన మన తెలుగు రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2012లో గెలిచారు. రైతు కూడా వినియోగదారుడేనని కోర్టు తేల్చింది. విత్తనమంతా విత్తేసిన రైతు పరీక్షకు శాంపిల్ ఎక్కడి నుంచి తెస్తాడని కంపెనీ వాదనను పక్కనపెట్టింది. అప్పుడు వాళ్ల చేతిలో హాష్ లేదు, బ్లాక్‌చెయిన్ లేదు. దాచుకున్న కాగితాలు, కలిసి నిలబడ్డ రైతులు ఉన్నారు. ఆ రెండూ ఉంటేనే కొత్త యంత్రమైనా మనకు అక్కరకొస్తుంది.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి!