ప్రసాదం అనే మాటకు అర్థం ఎక్కడ ఉన్నది?

(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రసాదమంటే ఏమిటని మన పిల్లలు అడిగినప్పుడు, దేవునికి పెట్టిన ఆహారమని ఆంగ్లంలో చెప్పి ఊరుకుంటాము. ఆ సమాధానంతో వారికి ఆ భావం అందినదా? పద, భావాల సంబంధాన్ని మూడు శాస్త్రాలు మూడు వైపులనుండి పరిశీలించినవి.

భాషాశాస్త్రం పదానికి ఇరుగుపొరుగులను చూస్తుంది. సొస్యూర్ ఉపన్యాసాలను ఆయన మరణానంతరం 1916లో గ్రంథంగా ప్రకటించారు. తక్కిన పదాలతో గల భేదమే ఒక పదానికి విలువనిస్తుందని ఆయన సిద్ధాంతం. వంటకం, నైవేద్యం, ప్రసాదం, ఎంగిలి అనే నాలుగు మాటలూ ఒకదానినొకటి నిలబెడుతున్నవి. ఎంగిలి అంటే తెలియని బిడ్డకు నివేదనకు ముందు రుచి చూడరాదన్న నియమం బోధపడదు.

మనోవిజ్ఞానం మనస్సులోని నమూనాను చూస్తుంది. పక్షి అనగానే కొమ్మపై వాలే చిన్న పిట్ట స్ఫురిస్తుంది. పెంగ్విన్ ఆలస్యంగా గుర్తుకు వస్తుంది. ఇట్టి తారతమ్యాలను 1970లలో ఎలినార్ రోష్ ప్రయోగాలతో చూపించారు. మనకు ప్రసాదమనగానే పులిహోర, చక్రపొంగలి తోస్తాయి. స్వామి పాదాలనుండి తెచ్చి ఇచ్చిన పువ్వు కూడా ప్రసాదమేనని తరువాత గుర్తిస్తాము.

తత్త్వశాస్త్రం మరొక భేదం చూపుతుంది. వేకువచుక్క, సందెచుక్క రెండూ శుక్రగ్రహమే. వస్తువు ఒక్కటే అయినా తోచే తీరు వేరని 1892లో ఫ్రేగె వివరించారు. గిన్నెలోని పులిహోర నివేదనకు ముందూ తరువాతా ఒక్కటే. అయినా ప్రసాదమన్నప్పుడు దానిని అనుగ్రహంగా స్వీకరిస్తున్నాము. సంస్కృతంలో ఆ పదానికి ప్రసన్నత, అనుగ్రహం అనే అర్థాలున్నవి.

మరి పిల్లలకు ఈ భావం చేరేదెట్లా? మన మీమాంసకులు చక్కని ఉదాహరణ ఇచ్చారు. ఒక పెద్ద "ఆవును తెమ్ము" అంటాడు, మరొకడు తెస్తాడు. తరువాత "ఆవును కట్టుము", "గుర్రమును తెమ్ము" అంటాడు. పక్కనున్న బాలుడు ఏ మాట మారితే ఏ పని మారినదో గమనించి అర్థం గ్రహిస్తాడు. దీనినే వృద్ధవ్యవహారమన్నారు. వాక్యార్థం విషయంలో విభేదించిన కుమారిలభట్టు, ప్రభాకరుల సంప్రదాయాలు రెండూ దీనిని అంగీకరించినవి.

ఈ పద్ధతికి ఇద్దరు పెద్దలు మాట్లాడుకోవాలి, ఒక బిడ్డ వినాలి. మన ఆదివారపు తరగతులలో పదాల పట్టికలు ఉన్నవి. పెద్దల సంభాషణ మాత్రం కొరవడుతున్నది. కావున నా విన్నపం ఒక్కటే. ఆలయ వంటశాలలో, పూలు కట్టేచోట, వడ్డించే పంక్తిలో పిల్లలను పక్కన నిలుపుకొని మీలో మీరు తెలుగులో మాట్లాడుకొనండి. మనం మౌనం వహిస్తే వారికి పులిహోర మిగులుతుంది, ప్రసాదం మిగలదు.

స్వస్తి.