ఇంటి కంప్యూటరులో చిత్రములు, ఫాక్సు పత్రములు

మా తాతగారి ఇంట ఒక భోషాణముండెడిది. భూముల దస్తావేజులు, జాతకములు, శుభలేఖలు, ఉత్తరములు అన్నియు అందులోనే. దాని తాళపుచెవి మా నాయనమ్మగారి కొంగున ఉండెడిది. ఆ చెవి పోయినను కమ్మరిని పిలిచి పెట్టె తెరిపించుకొనవచ్చును. నేడు మన ఇండ్లలో ఆ భోషాణపు స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. అందు మనము దాచు ప్రతి ఫైలును ఒక పెట్టె. దానిని తెరచు ప్రోగ్రాము తాళపుచెవి. ఈ చెవి పోయినచో కమ్మరి అంత సులభముగా దొరకడు. ఈ సంగతి నాకు మా ఇంటిలోనే అనుభవమునకు వచ్చినది.

1998, 1999 సంవత్సరములలో మా అన్నగారు అమెరికాలో ఉద్యోగము చేయుచుండిరి. ఫోనులో మాటలాడుటకు వ్యయమధికము. టపాలో ఉత్తరము చేరుటకు చాల దినములు పట్టును. అందుచేత మా నాయనగారు కాగితముపై ఉత్తరము వ్రాసి, తెనాలిలో ఒక ఎస్.టి.డి. బూతునకు పోయి ఫాక్సు చేయించెడివారు. అచ్చట మా అన్నగారి ఇంటి కంప్యూటరు ఆ పుటలను అందుకొని ఫైళ్లుగా దాచెడిది. ఇట్లు పదునొకండు ఉత్తరములు చేరినవి. 2011లో నాయనగారు కాలము చేసిన పిమ్మట, అసలు కాగితములకై వెదుకగా అవి చెదలపాలైనట్లు తెలిసినది. అన్నగారు తమ పాత ఫ్లాపీలను తీసి చూచిరి. ఫైళ్లున్నవి, కాని ఒక్కటియు తెరుచుకొనలేదు. నాటి ఫాక్సు ప్రోగ్రాము వాటిని తనకు మాత్రమే తెలిసిన రూపములో దాచినది. ఆ ప్రోగ్రాము అంతకు మునుపే వాడుక తప్పిపోయినది.

ఫాక్సు యంత్రము పనిచేయు తీరు తెలిసికొన్నచో ఈ చిక్కు బోధపడును. అది పుటను సన్నని అడ్డుగీతలుగా విభజించి, ఒక్కొక్క గీతను 1728 చుక్కలుగా చదువును. ప్రతి చుక్కయు నల్లనిదో, తెల్లనిదో. నడుమ మరియొక రంగు లేదు. వరుసగా ఎన్ని తెల్లచుక్కలు, పిదప ఎన్ని నల్లచుక్కలు అను లెక్కను సంకేతములుగా మార్చి తంతిపై పంపును. ఈ పద్ధతి 1980లో అంతర్జాతీయ ప్రమాణమైనది. పంపుటకు ప్రమాణమున్నను, అందుకొన్నదానిని దాచుటలో ఒక్కొక్క ప్రోగ్రాము ఒక్కొక్క దారి త్రొక్కినది.

ఇట్టి పుటలకు ఎక్కువగా వాడుకలోనున్న రూపము టిఫ్. 1986లో వెలువడిన ఈ రూపమున ఒకే ఫైలులో పెక్కు పుటలు ఇముడును. ఇది సుగుణమే; కాని కొన్ని ప్రోగ్రాములు మొదటి పుటను మాత్రమే చూపును. తక్కినవి రాలేదని భ్రమపడి ఫైలును తుడిచివేయువారు కలరు. తుడుచుటకు ముందు పుటలు త్రిప్పు బాణపు గుర్తు ఉన్నదేమో చూడుడు; లేనిచో మరియొక ప్రోగ్రాములో తెరచి చూడుడు.

ఛాయాచిత్రములు తరచుగా జెపెగ్ రూపమున ఉండును. 1992లో ప్రమాణమైన ఈ పద్ధతి, కంటికి అంతగా తెలియని వివరములను విడిచిపెట్టి ఫైలును చిన్నది చేయును. ఊరక తెరచి చూచినందువలన నష్టము లేదు. కాని చిత్రమును మార్చి మరల దాచిన ప్రతిసారియు మరికొంత వివరము పోవును. కావున అసలు చిత్రమును ముట్టక, దాని ప్రతిపైననే మార్పులు చేయవలెను. చేవ్రాతకును దస్తావేజులకును జెపెగ్ అంత తగదు. అక్షరముల అంచులు మసకబారును. వాటికి టిఫ్ గాని, 1996లో వచ్చిన పి.ఎన్.జి. గాని మేలు.

ఫైలు పేరు చివరనున్న మూడు నాలుగు అక్షరములను మార్చినచో రూపము మారునని కొందరి నమ్మకము. సీసాపై చీటీ మార్చినంతనే ఆముదము నేయి కాదు గదా! ఫైలును ప్రోగ్రాములో తెరచి, ‘సేవ్ యాజ్’ అను ఆజ్ఞ నిచ్చి, కోరిన రూపమును ఎంచుకొన్నప్పుడే మార్పు జరుగును.

పాత ఫైళ్లకై పాత కంప్యూటరునే ఉంచుకొందుమన్నచో ఒక హెచ్చరిక. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో చిత్రములను, ఫాక్సులను చూపుటకై ఒక సాధనముండెడిది. టిఫ్ పుటలను త్రిప్పుటకు, వాటిపై గుర్తులు పెట్టుటకు అది అనుకూలము. అయితే 2005 డిసెంబరులో, డబ్ల్యు.ఎం.ఎఫ్. అను చిత్రరూపమును విండోస్ తెరచు తీరులో ఒక లోపము బయటపడినది. దుష్టులు కల్పించిన చిత్రమును చూచినంతనే కంప్యూటరు వారి వశము కాజొచ్చెను. 2006 జనవరిలో ఆ లోపమును సరిదిద్దిరి. 2014 ఏప్రిల్‌తో ఎక్స్‌పీకి సాధారణ సంరక్షణయే ముగిసినది. కావున అట్టి పాత యంత్రమును ఇంటర్నెట్టుతో కలుపక వాడుటయే క్షేమము.

మా అన్నగారి కథ యేమైనదని మీరు అడుగవచ్చును. ఒక మిత్రుని ఇంట మూలబడియున్న కంప్యూటరులో ఆ ప్రోగ్రాము దొరికినది. అందులో ఒక్కొక్క ఉత్తరమును తెరచి టిఫ్‌గా మార్చిరి. తొమ్మిది దక్కినవి. ఫ్లాపీ చెడిపోయినందున రెండు దక్కలేదు. నేను బి.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడనైన సంగతి ఆ రెండింటిలో ఒకదాన నాయనగారు వ్రాసినారట. ఏ మాటలతో వ్రాసినారో మా అన్నగారికి జ్ఞాపకము లేదు.

రేడియోలో పనిచేయువారికి ఇది క్రొత్త పాఠము కాదు. టేపు చెడకున్నను, వినిపించు యంత్రము లేనిచో పాట మూగవోవునని మేమెరుగుదుము.

కావున మీ ఇంట నాలుగు నియమములు పాటింపుడు. మొదటిది: ముఖ్యమైన ఫైళ్లను పలు ప్రోగ్రాములు తెరువగల రూపములకు మార్చుకొనుడు, పత్రములను చిరకాలము దాచుటకు 2005లో ప్రమాణమైన పి.డి.ఎఫ్.-ఏ రూపము కలదు. రెండవది: ‘బొమ్మ ఒకటి’, ‘బొమ్మ రెండు’ అని గాక, ముందు సంవత్సరము, తరువాత నెల, తేదీ, పిదప విషయము వచ్చునట్లు పేరు పెట్టుడు, అవి కాలక్రమమున తామే వరుసగా నిలుచును. మూడవది: మూడు ప్రతులుంచుకొనుడు, అందొకటి వేరొక ఇంట, బంధువుల వద్ద నుండవలెను. నాలుగవది: క్రొత్త కంప్యూటరు కొన్ననాడు, పాతదానిని పాతసామానులవానికి ఇచ్చుటకు ముందే, అందలి ప్రతి రకపు ఫైలును క్రొత్తదానిలో తెరచి చూడుడు. తెరుచుకొననిది ఏదైన ఉన్నచో, దాని తాళపుచెవి ఇంకను ఆ పాతయంత్రములోనే ఉన్నదని తెలిసికొనుడు.