జలదానము

చెరువు త్రవ్వించుటను మన పెద్దలు సప్తసంతానములలో చేర్చినారు. కడుపున పుట్టిన బిడ్డతో సమానముగా ఎంచినారు. గిద్దలూరుకు దక్షిణమున, కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనమొకటి ఉన్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందున్నది. చెరువుకు కావలసిన అంగములు పన్నెండు, కూడని దోషములు ఆరు లెక్కపెట్టినారు. చవిటినేల ఒక దోషము. అనగా పుణ్యము కోరినవాడు ముందుగా నేలను పరీక్షింపవలెను గదా!

మార్కాపురం, గిద్దలూరు సీమకు నేడు ఈ మాటతో చాల పని ఉన్నది. గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ వెలసిన కంభం చెరువు గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించినదని ప్రతీతి. అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు 2020లో దానిని వారసత్వ కట్టడముగా గుర్తించినారు. అయినను వానలు చాలని యేట పల్లెలకు బోరునీరే దిక్కు. ఆ నీట ఫ్లోరైడు ఉన్నది. పొదిలి, దర్శి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, వైద్యులు ఆ జిల్లాలో ఈ వ్యాధిని గురించి ప్రకటించినారు. అంతకు ముందే కాడెద్దులు కుంటుట చూచి రైతులు కనిపెట్టినారని చెప్పుదురు.

ఈ విషము కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. రాతి పొరలలోనుండి కరగి నీట చేరును. పిల్లల పండ్లు గారపట్టును. పెద్దల కీళ్ళు బిగియును, ఎముకలు వంగును. కాచినంత మాత్రమున పోదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును కూడ.

కనుకనే తల్లిదండ్రుల పేర భక్తితో వేయించిన బోరింగు ఒక్కొక్కప్పుడు వ్యాధికి మూలమగుచున్నది. దాత మనస్సు మంచిదే, నీరు మంచిది కాదు.

పుట్టపర్తి సత్యసాయి ట్రస్టువారు 1995లో అనంతపురం జిల్లాలో పని ప్రారంభించి 700 కు పైగా గ్రామములకు త్రాగునీరందించినారు. అదియు ఫ్లోరైడు సీమయే. ఊరికొక బోరు వేసి ఊరుకొనలేదు. నదుల ఇసుకలో బావులు దింపినారు, వేసవికై చెరువులు కట్టినారు, గొట్టములు పరచినారు. అంత ధనము అందరికి ఎక్కడిది?

చిన్న దాతలు, దేవాలయ సంఘములు, చర్చిలు, మసీదు కమిటీలు శుద్ధియంత్రములు పెట్టించుచున్నవి. సంతోషమే. ప్రారంభోత్సవమునకు పూలదండలు దొరకును. రెండేండ్ల తర్వాత వడపోత పొరలు మార్చుటకు డబ్బు దొరకదు. ఆ పైకము మొదటనే విడిగా ఉంచవలెనని మా మనవి. యంత్రము విడిచిన మిగులునీటిలో ఫ్లోరైడు మరింత చిక్కగా ఉండును. దానిని మంచినీటి బావుల దాపున వదలరాదు.

బోరింగు బిగించుటకు ముందే సీసాడు నీరు గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినదని తేలినచో 'త్రాగరాదు' అని పెద్ద అక్షరములతో వ్రాయించి, ఆ నీటిని బట్టలుతుకుటకు విడువండి. దాత పేరు దాని క్రింద ఉండవచ్చును.