సూదిమొనపై బొట్టు
(పాఠశాల ఆరోగ్య దినోత్సవమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



నేను వైద్యుడను కాను. ఐనను గత సంవత్సరము నా మెడప్రక్కన ఉసిరికాయంత గడ్డ లేచినప్పుడు, ఒకే పరీక్షకై రెండుమారులు సూది పొడిపించుకొనవలసి వచ్చినది. మొదటి కాగితముపై కణములు పాడైనవనియు, మరల పంపవలెననియు వ్రాసియుండెను. రెండవ ఫలితము వచ్చువరకు మా యింట నెవరికిని నిద్రలేదు. అడుగగా తెలిసినది: పూసిన గాజుపలకను ఆల్కహాలులో ముంచుటకు ముందే ఆరనిచ్చిరట!

గడ్డను కోయకయే సూదితో కొన్ని కణములను తీసి సూక్ష్మదర్శినిక్రింద చూచు ఈ పరీక్షను ఎఫ్.ఎన్.ఏ.సి. అందురు. 1930లో న్యూయార్కు నగరమున మార్టిన్, ఎల్లిస్ అనువారు దీనినిగూర్చి ప్రకటించిరి. వారిది లావైన 18 గేజి సూది. నేడు 22 మొదలు 25 గేజి వరకు వాడుదురు. అంకె పెరిగినకొలది సూది సన్నబడును. మన లెక్కల మాస్టారు దీనికి సమ్మతింపరు.

చర్మమును స్పిరిటుతో తుడిచి, గడ్డను రెండు వ్రేళ్లనడుమ కదలకుండ పట్టి సూది గ్రుచ్చెదరు. సిరంజి పిస్టనును వెనుకకు లాగి, సూదిని గడ్డలోనే ముందువెనుకలకు ఆడింతురు. బయటికి తీయకముందే ఆ లాగుడును వదలవలెను. లేనిచో సూదిలోని కణములు సిరంజిలోనికి పోవును. పిదప సూదిని విడదీసి, సిరంజిలో గాలి నింపి, మరల తగిల్చి, ఒక బొట్టును పలకపై వేసి, వేరొక పలకతో మెల్లగా పూయుదురు. గట్టిగా అదిమినచో కణములు చిట్లును.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. పాపనికొలావ్ రంగు వేయవలసిన పలకను తడి ఆరకముందే 95 శాతము ఆల్కహాలులో ముంచవలెను. క్షణములు జాగైనను కణములు ఉబ్బి, కేంద్రకపు రూపు చెడును. గీంసా రంగు వేయవలసిన పలకనో, గాలికి త్వరగా ఆరనీయవలెను. ఒకటి ఆరరాదు, ఒకటి ఆరక తీరదు! ఆరిన పలకల దరిదాపుల ఫార్మలిను సీసా ఉంచరాదు. దాని ఆవిరికే రంగు సరిగా పట్టదు.

పలకపై రోగి పేరు పెన్సిలుతోనే, రోగి యెదుటనే వ్రాయవలెను. సిరా ఆల్కహాలులో కరగిపోవును. దినమున కొక పెన్సిలు పోగొట్టుకొను మన ఆరవతరగతి బాలురు దీనిని గమనింతురు గాక! ఒకరి పలకపై వేరొకరి పేరు పడినచో, ఆ తప్పును ఏ సూక్ష్మదర్శినియు పట్టజాలదు.

రెండవమారు నాకు సూది వేసిన యువ వైద్యురాలు, నన్ను తాకుటకు ముందే ఆల్కహాలు పాత్ర మూత తీసి మోచేతిప్రక్కన పెట్టుకొనెను. ఐదవ దినమున ఫలితము వచ్చినది: క్షయ గ్రంథి. ఆరు మాసములు మందు మ్రింగితిని. గడ్డ కరగిపోయినది.