ఇంటర్వ్యూలో మన ఊరిని దాచొద్దు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ,

విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదవడానికి కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. దేశం మొత్తంలో ఏడాదికి 20 మందికే. అందులో 3 చెంచు, కొలాం, కొండరెడ్డి లాంటి పీవీటీజీ తెగలకు. ఇలాంటి పోటీలో మార్కులొక్కటే చాలవు, ఎదురుగా కూర్చుని మాట్లాడగలగాలి.

మనోళ్ళు చాలామంది అక్కడ ఊరి పేరు చెప్పడానికే జంకుతారు. బట్టీపట్టిన ఇంగ్లీషు అప్పజెప్పి, రెండో ప్రశ్నకే ఆగిపోతారు.

"ఈ కోర్సే ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు. "మా జాతికి సేవ చేస్తా" అంటే సరిపోదు, అందరూ అనేదే అది. అటవీ చట్టాల మీద చదవాలనుకుంటున్నారా? అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. మీ ఊళ్ళో ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎందరికి పట్టా వచ్చింది, మిగతావాళ్ళకి ఎందుకు రాలేదు? పెద్దల్ని అడిగి రాసుకోండి. ఆ లెక్క ఏ గైడులోనూ దొరకదు. మీరు చదవాల్సిన ప్రశ్న అందులోంచే పుడుతుంది.

జవాబు ఐదు వాక్యాల్లో రాయండి. ఫ్రెండ్‌ని ఎదురుగా కూచోబెట్టుకుని రోజూ చెప్పండి, మధ్యలో ఆపి ప్రశ్నలు వేయమనండి. తెలియనిదాన్ని తెలియదనే చెప్పండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

తలెత్తుకుని వెళ్ళండి. మీ ఊరి సంగతి ఆ గదిలో అందరికంటే మీకే బాగా తెలుసు.

జై ఆదివాసీ!