ప్రతినిధి ఇంటికి రాసిన ఉత్తరాలు

(రైతు సంఘం రాజకీయ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఫ్రెంచి విప్లవం అనగానే మనకు బాస్టిల్ కోట గుర్తొస్తుంది. ఈ పూట మనం ఆ విప్లవకాలంలో ఒక రైతు రాసిన ఉత్తరాల గురించి మాట్లాడుకుందాం.

ఆయన పేరు పియర్ ఫ్రాన్సువా లెపూత్ర. ఉత్తర ఫ్రాన్సులో లీల్ నగరం దగ్గరున్న లాంసెల్ ఆయన ఊరు. 1789లో రాజు ఎస్టేట్స్ జనరల్ సభను పిలిచినప్పుడు ఆ ప్రాంతం ఆయన్ని సామాన్య జనం ప్రతినిధిగా పంపింది. అలా వెళ్ళిన సుమారు 600 మందిలో ఎక్కువమంది న్యాయవాదులు, అధికారులే. సేద్యం చేసేవాళ్ళు కొద్దిమంది. లెపూత్ర కలిగిన రైతే, అయినా సేద్యం మీద బతికినవాడు. 1791 దాకా వెర్సాయ్ నుంచి, తర్వాత పారిస్ నుంచి భార్య ఆంజెలిక్‌కు ఉత్తరాలు రాశాడు. ఆయన సభలో ఉంటే ఊళ్ళో సేద్యం నడిపింది ఆమె. ఆమే తిరిగి జవాబులు రాసింది. 1998లో ఇవి పుస్తకంగా వచ్చాయి. సభ సంగతులూ పొలం సంగతులూ వాటిలో పక్కపక్కనే ఉంటాయి.

ఇలాంటి ఉత్తరాలు ఊరికి ఎందుకు అవసరమో ఆనాటి చట్టమే చెబుతుంది. 1789 జూలైలో పల్లెలు తిరగబడ్డాయి. ప్రభువుల కోటల మీద పడి శిస్తు పత్రాలు తగలబెట్టాయి. ఆ సెగ తగిలి ఆగస్టు 4 రాత్రి సభ భూస్వామ్య హక్కుల రద్దు ప్రకటించింది. ఊళ్ళు పండగ చేసుకున్నాయి. కానీ మెలిక లోపలి నిబంధనల్లో ఉంది. వెట్టి లాంటివి ఊరికే పోయాయి. భూమి మీది బకాయిలు మాత్రం రైతు డబ్బు కట్టి విడిపించుకోవాలి. 1790 మేలో రేటు తేల్చారు: నగదు శిస్తుకు 20 రెట్లు, ధాన్యం శిస్తుకు 25 రెట్లు. అంటే ఏటా 10 బస్తాలు కొలిచే రైతు 250 బస్తాల విలువ ఒక్కసారిగా కట్టాలి. అది కట్టేదాకా పాత శిస్తు కొలుస్తూనే ఉండాలి. పేరుకు రద్దు, గాదె దగ్గర మాత్రం పాత కథే!

రైతులు ఒప్పుకోలేదు. చాలాచోట్ల కొలవడం మానేశారు, మళ్ళీ మళ్ళీ తిరగబడ్డారు. చివరికి 1793 జూలై 17న నష్టపరిహారం లేకుండా ఆ బకాయిలన్నీ రద్దయ్యాయి. సభ నాలుగేళ్ళు నాన్చింది, పల్లె పూర్తి చేయించింది.

మనకు దీనితో పనేమిటి? 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు చట్టాలు మూజువాణి ఓటుతో నెగ్గాయి. ఓటింగు జరపమని ప్రతిపక్షం అడిగినా జరపలేదు. ఏ సభ్యుడు ఎటు ఓటేశాడో రికార్డు లేదు. రెండు వందల ముప్పై ఏళ్ళ కిందట గుర్రపు బండి టపాలో ఊరికి చేరిన కబురు, ఫోన్లున్న రోజుల్లో మనకు చేరలేదు.

అందుకే రెండు పనులు చేద్దాం. ప్రతి సమావేశాల తర్వాత మన ప్రతినిధిని రాతపూర్వకంగా లెక్క అడుగుదాం: ఏ బిల్లుకు ఎటు నిలబడ్డారు, ఎందుకు? వచ్చిన చట్టాన్ని పేరు చూసి కాక, చివరి నిబంధన దాకా గ్రామ కమిటీలో చదువుదాం. మనకు ఉత్తరం రాయనివారికి మనమే ముందు రాద్దాం.